మెనోపాజ్ దురదకి ఏ క్రీమ్ మంచిదంటే, ముందు బకెట్ సంగతి చూడండి

"అమ్మకి 49 ఏళ్లు. నెలసరి ఆగి ఏడాదిన్నర. ఒళ్లంతా పొడిబారిపోయి రాత్రిళ్లు దురదతో నిద్ర పట్టడం లేదు. నాలుగు రకాల క్రీములు మార్చాం. ఏది వాడమంటారు?" అని ఒకరు అడిగారు. పేరు చెప్పేయడం తేలికే, కానీ ఆ ఐదోది కూడా మిగతా నాలుగింటి పక్కన అలమరలో చేరుతుంది. ఆవిడ స్నానం ఎలా చేస్తున్నారు, ఎన్ని నిమిషాలకు రాసుకుంటున్నారు, ఎంత రాసుకుంటున్నారు? ఇవి సరిచేయకుండా ఎంత ఖరీదైన క్రీమ్ తెచ్చినా డబ్బు దండగ.

మెనోపాజ్‌లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గేసరికి నూనె గ్రంథులు మందగిస్తాయి, చర్మంలో నీటిని పట్టి ఉంచే కొవ్వులు తగ్గుతాయి. నెలసరి ఆగిన మొదటి 5 ఏళ్లలోనే చర్మాన్ని బిగువుగా నిలబెట్టే కొలాజెన్ అనే ప్రొటీన్ దాదాపు 30 శాతం పోతుంది. అందుకే "ఇన్నేళ్లూ పడిన సబ్బు ఇప్పుడెందుకు పడదు" అని ఆవిడ అడిగితే వాదించకండి. ఒకప్పటి స్నానాన్ని ఆ చర్మం ఇక తట్టుకోలేదు.

దురద అనగానే మన ఇళ్లలో గీజర్ పెంచుతారు. పొగలు కక్కే నీళ్లు వీపు మీద పోసుకుంటే ఆ కాసేపూ ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, అందుకే అది అలవాటైపోతుంది. మిగిలిన కాస్త నూనె కూడా ఆ వేడికి కొట్టుకుపోయి, ఒళ్లు ఆరేసరికి దురద రెట్టింపవుతుంది. వేపాకు వేసి మరిగించినా వేడినీళ్లు వేడినీళ్లే. బకెట్‌లో మోచెయ్యి ముంచి చూడండి, గోరువెచ్చన దాటకూడదు. పది నిమిషాల్లో స్నానం ముగించాలి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. పొలంలోనో దుమ్ములోనో పని చేసి వస్తే తప్ప చేతులకీ కాళ్లకీ వీపుకీ రోజూ సబ్బు అక్కర్లేదు. పీచు, ఒళ్లు రుద్దుకునే రాయి, సున్నిపిండి కొన్నాళ్లు అటకెక్కించండి. నలుగు పెట్టుకుంటే ఒళ్లు నిగనిగలాడుతుందనేది ఇరవై ఏళ్ల పిల్లల విషయంలో నిజం. ఈ వయసులో అది ఉన్న పొరను కూడా గీకేస్తుంది.

సబ్బు విషయంలో అందరూ టీఎఫ్ఎం, అంటే సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం శాతం, చూసుకోమంటారు. 76 శాతం దాటితే గ్రేడ్ 1, నిజమే. కానీ అది సబ్బు నాణ్యతకు కొలత, అంతే. గ్రేడ్ 1 సబ్బు కూడా క్షారమే, పీహెచ్ 9 నుంచి 10 ఉంటుంది (7 దాటితే క్షారం, తగ్గితే ఆమ్లం). చర్మానిది 5 చుట్టుపక్కల. అట్ట వెనక మొదటి పేరు సోడియం పామేట్ అనో, సోడియం పామ్ కెర్నలేట్ అనో ఉంటే అది మామూలు సబ్బు. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ అని ఉంటే అది సిండెట్ బార్, అంటే సబ్బులాగే కనిపించినా క్షారం లేని కడిగే బిళ్ల, మీకు కావలసింది అదే. మీది బోరు నీళ్ల ఊరైతే ఈ తేడా ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఉప్పు నీళ్లలోని కాల్షియంతో సబ్బు కలిసి బకెట్ అంచున తెల్లటి తెట్టు కడుతుంది చూడండి, అదే తెట్టు పిక్కల మీద కూడా మిగిలిపోతుంది. సిండెట్ ఆ తెట్టు కట్టదు.

తలంటు రోజు ఇంకో తంటా. కుంకుడు రసమైనా షాంపూ అయినా మెడ వెనక నుంచి కారి రెండు భుజాల మధ్య ఉండిపోతుంది. తల ముందుకు వంచి కడుక్కుంటే ఆ బాధ తప్పుతుంది.

ఇక స్నానం తర్వాతి సంగతి. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, బాత్రూం తలుపు తీయకముందే రాసుకోవాలి. మూడు నిమిషాల్లోపు. చాలామంది చీర కట్టుకుని, దేవుడికి దీపం పెట్టి, టిఫిన్ చేసి, అప్పుడు తీరిగ్గా అద్దం ముందు కూర్చుంటారు. ఈలోగా చర్మం మీది నీరంతా ఆరిపోయి ఉంటుంది, క్రీముకి లోపల మూసిపెట్టడానికి ఏమీ మిగలదు. డబ్బాని అద్దం దగ్గర్నుంచి తీసి బాత్రూంలో పెట్టండి. ఇదొక్కటి మార్చినా సగం ఇళ్లలో తేడా కనిపిస్తుంది.

ఎంత రాయాలో తెలుసా? చూపుడు వేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము. అది వేళ్లతో కలిపి రెండు అరచేతులంత మేరకే సరిపోతుంది. ఒక్కో కాలికి పాదంతో కలిపి అలాంటివి 8, ఒక్కో చేతికి 4, వీపుకి 7, ముందువైపు 7. మొత్తం ఒళ్లంతా ఒకసారి రాస్తే దాదాపు 20 గ్రాములు. రోజుకి రెండుసార్లయితే వారానికి 280. ఇప్పుడు మీ ఇంట్లో 100 గ్రాముల సీసా ఎన్నాళ్లు వస్తోందో చూడండి. రెండు నెలలు వస్తోందంటే ఆవిడ రాసుకోవడం లేదు, వాసన చూస్తున్నారు. అందుకే సువాసన ఉన్న చిన్న సీసాలు మానేసి, వాసన లేని సాదా మాయిశ్చరైజర్ పెద్ద డబ్బా కొనమనేది. కొబ్బరి నూనె అయినా సరే, చెమ్మ ఒంటి మీద రాస్తే బాగా పనిచేస్తుంది. ఆవనూనె, ఆలివ్ నూనె వద్దు, అవి పై పొరను దెబ్బతీస్తాయి. గ్లిజరిన్ అయితే ఒక వంతుకి రెండు మూడు వంతుల నీళ్లు కలిపి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాయాలి. చిక్కటి గ్లిజరిన్ పొడి గాలిలో చర్మం లోపలి నీటినే లాగేస్తుంది. పిక్కలు, మడమలు మరీ గరుకుగా ఉంటే 10 శాతం యూరియా క్రీమ్ దివ్యంగా పనిచేస్తుంది, కానీ గోకి పుండైన చోట రాస్తే భగ్గున మండుతుంది.

అసలు నాకు ఒళ్లు మండేది మెడికల్ షాపు వ్యవహారం. కౌంటర్ దగ్గర నిలబడి "దురదకి ఏదైనా ఇవ్వండి" అంటే చాలు, ఒక తెల్ల ట్యూబు, పది సిట్రిజిన్ గోలీలు కవర్లో పడతాయి. సిట్రిజిన్ పని అలర్జీలో ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకోవడం. పొడిచర్మం దురద చాలావరకు దానివల్ల వచ్చేది కాదు, కాబట్టి సిట్రిజిన్ పెద్దగా చేసేదేమీ ఉండదు. ట్యూబు సంగతి వేరు. అందులో క్లోబెటాసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది, దానికి తోడు ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్. మూడు రోజుల్లో దురద మాయం. ఆపిన వారానికి మళ్లీ మొదలు. మళ్లీ అదే ట్యూబు, ఈసారి పక్కింటి వదినగారికి కూడా. కొన్నాళ్లకు చర్మం పల్చబడి సన్నటి ఎర్రటి నరాలు బయటపడతాయి, గజ్జల్లో తామర ఉంటే అది అంచులు చెరిగి తొడల దాకా పాకుతుంది, తర్వాత ఏ డాక్టరూ చూడగానే గుర్తుపట్టలేరు. మెనోపాజ్‌తో ముందే పల్చబడిన చర్మానికి ఇది మరీ అన్యాయం. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. ఎక్కడ ఆగింది? పిక్కల మీద చర్మం ఎండిన చెరువులా నెర్రెలు విచ్చి ఎర్రబడితే డాక్టరే కొద్దిరోజులు స్టెరాయిడ్ రాస్తారు, ఎన్ని రోజులో కూడా చెబుతారు. ఆ పని ట్యూబు అమ్మేవాళ్లది కాదు.

పథ్యాల గొడవ ఇంకోటి. వంకాయ మానెయ్, గోంగూర మానెయ్, ఎండుచేపలు మానెయ్, ఒంట్లో వేడి చేసింది. తిన్న గంటలో దద్దుర్లు లేస్తే ఆ మాట ఆలోచించవచ్చు. దద్దుర్లు లేకుండా ఒట్టి పొడి దురదకి వంకాయని ఎందుకు ఉరి తీస్తారో అర్థం కాదు. కాలమైన్ లోషన్, చల్లటి పౌడర్లు కూడా వద్దు. అప్పటికి చల్లగా ఉన్నా చర్మాన్ని ఇంకా ఆరబెడతాయి.

నడుం చుట్టూ మాత్రమే నల్లటి గీతలా మందంగా తేలి దురద పెడుతుంటే అది లంగా బొందు పని. ఏళ్ల తరబడి ఒకే చోట బిగించి కట్టడం, చెమట, సరిగా జాడించని బట్టలో మిగిలిన డిటర్జెంట్, మూడూ కలుస్తాయి. వెడల్పాటి పట్టీ ఉన్న లంగా వేసుకుని, రోజూ కట్టే చోటు కాస్త పైకీ కిందకీ మారిస్తే నెమ్మదిస్తుంది. అక్కడ పుండు పడి మానకపోతే మాత్రం వెంటనే చూపించాలి.

ఇంత చేసినా నాలుగు వారాల్లో తగ్గలేదంటే తప్పు మెనోపాజ్‌ది కాకపోవచ్చు. రక్తహీనతకి సీబీసీ, ఫెరిటిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, కిడ్నీకి క్రియాటినిన్, ఇంకా షుగర్, లివర్ పరీక్షలు చేయించండి. కిడ్నీ దెబ్బతిన్నా ఒళ్లంతా దురద పెడుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం వైపు వాళ్లయితే క్రియాటినిన్ అసలు వాయిదా వేయొద్దు. ఇంట్లో ఇంకొకరికి కూడా రాత్రిపూట దురద వస్తూ, వేళ్ల సందుల్లో పొక్కులుంటే అది గజ్జి, ఇంటిల్లిపాదికీ ఒకే రోజు వైద్యం జరగాలి. ఇది చదువుతున్న చిన్న వయసు వాళ్లకి ఒక మాట. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఒక్కరోజులో వచ్చిపడుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. 38 ఏళ్లకే ఒళ్లు పొడిబారిందంటే ఆ ఆపరేషన్ కాగితాల్లో ఏం తీశారో వెతకండి.

ఇంకొక చోటు దురద గురించి అమ్మగారు మీతో చెప్పకపోవచ్చు, మీరే అక్కతోనో పిన్నితోనో అడిగించండి. మూత్రం పోసే చోట పొడిబారి మంట, దురద వస్తుంటే అక్కడ సబ్బు, యాంటీసెప్టిక్, సువాసన వాష్‌లు ఏవీ వద్దు, ఒట్టి నీళ్లు చాలు. గైనకాలజిస్టు రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఆ పొడిదనానికి సరైన మందు. అక్కడ చర్మం తెల్లబడి కాగితంలా ముడతలు పడితే అది వేరే జబ్బు. దానికి ఇచ్చేది, నేను పైన తిట్టిన ఆ క్లోబెటాసాలే. కాకపోతే డాక్టరు చూసి, మోతాదు రాసి, క్రమంగా తగ్గిస్తూ ఇస్తారు. తగ్గిపోయినా ఏటా ఒకసారి చూపించుకోవాలి, ఎందుకంటే కొద్దిమందిలో అది క్యాన్సర్‌గా మారుతుంది.