మావాడు కామెంటేటర్ అవుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. టీవీ సౌండ్ తీసేసి, మ్యాచ్‌కి తనే తెలుగులో కామెంటరీ చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసుకుంటాడు. క్రికెట్ కామెంటేటర్ హర్షా భోగ్లేలా అవుతాడట. ఇంజనీరింగ్ వద్దు, ఏదో స్పోర్ట్స్ మీడియా కోర్సులో చేర్పించమంటున్నాడు. కోపంలో బంధువుల ముందే తిట్టి ఫోన్ లాక్కున్నాను. మూడు వారాలుగా నాతో మాటల్లేవు. ఇంజనీరింగా, ఆ కోర్సా? పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: పోల్చేముందు మీవాడు పేరు చెప్పిన మనిషి సంగతే చూద్దాం. భోగ్లే మన హైదరాబాద్‌లో పెరిగినవారు. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్, ఆ తర్వాత అహ్మదాబాద్ ఐఐఎం. ఆకాశవాణిలో కామెంటరీ మొదలుపెట్టింది 19 ఏళ్లకే. ఐఐఎం అయ్యాక కొన్నాళ్లు అడ్వర్టైజింగ్‌లో ఉద్యోగం కూడా చేశారు. ఏ రెండు దారుల కోసం మీ ఇంట్లో గొడవ జరుగుతోందో, ఆయన ఆ రెండిట్లోనూ నడిచారు. ఈ మాట మీవాడికి చెప్పండి. చెప్పేటప్పుడు మీరు కూడా వినండి.

ఇక ఆ కోర్సు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. లక్షల్లో ఫీజు కట్టి ఇలాంటి డిప్లొమా చేసిన పిల్లలు నా దగ్గరికి వచ్చారు. కెమెరా గురించి, ఎడిటింగ్ గురించి ఏదో కొంత చెప్పగలరు గానీ, పది ఓవర్లు తడబడకుండా మాట్లాడమంటే రెండో ఓవర్‌కే ఆగిపోయారు. సర్టిఫికెట్ చూసి కామెంటరీ బాక్స్‌లో కూర్చోబెట్టేవాళ్లు లేరు. 2018 చివర్లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చాక అవకాశాలు పెరిగిన మాట నిజమే. అయితే విశ్లేషణ చెప్పే కుర్చీ వెంకటపతి రాజు, ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటి మాజీ ఆటగాళ్లది. బంతి బంతికీ ఆటను నడిపించే గొంతుకే బయటివాళ్లకు చోటుంది. ఆ చోటు చాలా చిన్నది. పైగా సీజన్‌కో ఒప్పందం. 2016 ఐపీఎల్ ముందు భోగ్లేనే పక్కన పెట్టారు. అంత పేరున్న మనిషికే రేపటి మీద హామీ లేని పని ఇది. అందుకే చేతిలో ఇంకో చదువు ఉండాలంటాను.

కామెంటరీలో గొప్ప పేరు తెచ్చుకున్న రిచీ బెనో ముందు ఆస్ట్రేలియా టెస్టు ఆటగాడు, తర్వాత కెప్టెన్ కూడా అయ్యారు. ఆయనే 1956లో ఇంగ్లండ్ పర్యటన ముగిశాక అక్కడే ఉండిపోయి బీబీసీలో శిక్షణ తీసుకున్నారు. సిడ్నీ పత్రికలో పోలీసు వార్తలు రాశారు. ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ ఊరుకోవాలో అలా నేర్చుకున్నారు. మీవాడు టీవీ సౌండ్ తీసేసి చేస్తున్నదీ అదే సాధన. మీరు లాక్కున్నది ఫోన్ అనుకుంటున్నారు, ఆ పిల్లవాడి పుస్తకాన్ని లాక్కున్నారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో ర్యాంకు ఊసు లేదు, ఫీజు ఊసు లేదు, బంధువుల ఊసు ఉంది. రేపు పెళ్లిలో ఎవరైనా "మీవాడేం చేస్తున్నాడు?" అంటే ఏం చెప్పాలన్నదే మీ టెన్షన్. మీ టెన్షన్ పదిహేడేళ్ల పిల్లవాడు ఎందుకు మోయాలి? నలుగురిలో వాణ్ని తిట్టడం తప్పు. ఆ మాట మీరే వాడితో ఒప్పుకోండి.

భయపడాల్సిందేమీ లేదు. తాగుడో, జూదమో కాదు, వాడికి పట్టింది మాట. ఆటను చూసి, అర్థం చేసుకుని, అప్పటికప్పుడు తెలుగులో చెప్పగలిగే పిల్లలు ఎంతమంది ఉన్నారు? ఈ నేర్పు పత్రికల్లో, రేడియోలో, ఛానళ్ల డెస్కుల్లో పనికొస్తుంది. ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుంది. కామెంటేటర్ కాకపోయినా వాడు చెడిపోడు.

ఇంజనీరింగ్ ఇష్టమైతే ఇంటికి దగ్గర్లో, సాయంత్రాలు ఖాళీ దొరికే కాలేజీ చూడండి. లెక్కలంటే నిజంగా పడకపోతే మామూలు డిగ్రీ, ఆ తర్వాత యూనివర్సిటీలో జర్నలిజం. రెండూ మంచివే. లక్షల కోర్సు మాత్రం ఇప్పుడు వద్దు. స్కోరు రాయడం నేర్చుకోమనండి. కబడ్డీ కూడా చూడమనండి. తెలుగు కామెంటరీ దానికీ కావాలి. డిగ్రీలో ఉండగానే ఆకాశవాణి ఆడిషన్ల ప్రకటనలు చూస్తుండమనండి.

మీ వైపు ఎడ్ల బండలాగుడు పోటీల్లో మైకు పట్టుకుని గంటల తరబడి జనాన్ని కదలనివ్వకుండా చెప్పేవాళ్లను మీరు చూసే ఉంటారు. ఈ సంక్రాంతికి వాణ్ని అక్కడికి తీసుకెళ్లండి. నిర్వాహకులతో మాట్లాడి పది నిమిషాలు మైకు ఇప్పించండి. ఫోన్ మాత్రం ఈ రోజే తిరిగి ఇచ్చేయండి. అందులో వాడు రికార్డు చేసుకున్నవి ఒకటి రెండు వినిపించమని మీరే అడగండి.