కొత్త ఊరు తెలియాలంటే నేల మీద తిరగాలి

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్. చదవడానికి అక్టోబరు మొదట్లో బెర్లిన్ వెళ్లింది. ఒంగోలులో పుట్టి, నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదివిన పిల్ల, అంతకు మించి ఊళ్లు తిరిగి ఎరుగదు. తరగతులు మొదలు కావడానికి ఇంకా గడువున్నా గది దాటడం లేదు. వెళ్లినా మ్యాపు చూసుకుంటూ భూగర్భ రైల్లో పోయి సరుకులు తెచ్చుకుంటోంది, అంతే. ఊరు అలవాటు కావడానికి ఏం చేయమని చెప్పాలి? ఒంటరిగా తిరగడం క్షేమమేనా?
— ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ఊరు చూడడానికి బయలుదేరే ముందు మీ అమ్మాయి ముగించుకోవలసిన పని ఒకటుంది. జర్మనీలో ఇంట్లో చేరిన 14 రోజుల్లోగా ఆ చిరునామాను స్థానిక పౌర కార్యాలయంలో నమోదు చేయించుకోవడం చట్టరీత్యా తప్పనిసరి. అందుకు ఇల్లు అద్దెకిచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. అపాయింట్‌మెంటు తొందరగా దొరకదు గానీ, బెర్లిన్‌లోని ఏ కార్యాలయంలోనైనా నమోదు చేస్తారు కాబట్టి, తన పేటలో కుదరకపోతే ఊరి చివర దొరికినా వెళ్లాలి. ఆ వంకన ఒక కొత్త పేట చూసినట్టూ అవుతుంది. అటుపైన పన్ను గుర్తింపు సంఖ్య ఉత్తరంలో వస్తుంది. అయితే అక్కడి ఇళ్లకు సాధారణంగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. తపాలా డబ్బా మీదా కాలింగ్ బెల్ పక్కనా ఉన్న పేరు చూసే ఉత్తరం వేస్తారు. పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరుతో చీటీ అంటించకపోతే ఆ ఉత్తరం వెనక్కి పోతుంది.

ఇక ఊరి సంగతి. భూగర్భ రైలు మంచిదే, కానీ ఒక మెట్లదారిలో దిగి మరో మెట్లదారిలో పైకి తేలేవారికి ఆ రెంటి మధ్య ఊరు ఎన్నటికీ తెలియదు. కొన్నాళ్లు దాన్ని మానేసి, నేల మీద నడిచే వాహనాలే ఎక్కమనండి. ఎస్41, ఎస్42 అనే రైళ్లు సుమారు 37 కిలోమీటర్ల వలయంలో, ఒకటి సవ్యంగా, ఒకటి అపసవ్యంగా, గంటకొక చుట్టు తిరుగుతాయి. కిటికీ పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగితే ఏ పేట దేని పక్కనుందో మనసులో కుదురుకుంటుంది. జూ స్టేషన్ నుంచి అలెగ్జాండర్‌ప్లాట్జ్ వరకు వెళ్లే 100 నంబరు బస్సు పార్లమెంటు భవనం, బ్రాండెన్‌బర్గ్ ద్వారం మీదుగా పోతుంది. మామూలు సిటీ బస్సే గనుక పర్యాటకుల బస్సుకు డబ్బు పోయనక్కరలేదు. స్టేషన్లలో అడ్డుగేట్లు ఉండవని టికెట్ లేకుండా ఎక్కితే మాత్రం 60 యూరోల జరిమానా.

ఆ తరువాత నడక. కర్నూలు రోడ్డులో ఫలానా దుకాణం ఎదురుసందు అని దారి చెప్పుకునే మనకు బెర్లిన్ ఇంటి నంబర్లు మొదట తికమక పెడతాయి. కొన్ని పాత వీధుల్లో నంబర్లు ఒక వరుసలో చివరిదాకా పెరుగుతూ పోయి, ఎదుటి వరుసలో వెనక్కి వస్తాయి. 5కు ఎదురుగా 180 ఉన్నా ఆశ్చర్యం లేదు. మూలమీది వీధి బోర్డులో ఆ ముక్కలోని ఇళ్ల నంబర్లు చిన్నగా రాసి ఉంటాయి, అవి చూసే అలవాటు చేసుకుంటే ఫోను తీయనక్కరలేదు. నగరం నడిబొడ్డున అక్కడక్కడా రోడ్డుకు అడ్డంగా రెండు వరుసల రాళ్లు పొదిగి ఉంటాయి. ఊరిని తూర్పు, పడమరలుగా చీలుస్తూ 1961లో కట్టి 1989లో తెరిచిన బెర్లిన్ గోడ ఒకప్పుడు సాగిన దారి అది. దాన్ని పట్టుకుని ఒక పూట నడవడం, నా లెక్కలో, ఏ మ్యూజియం టికెట్టుకూ తీసిపోదు. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూతపడతాయి కాబట్టి సరుకులు శనివారమే తెచ్చుకుని, ఆ రోజును ఈ నడకకు ఉంచుకోవచ్చు.

క్షేమం విషయానికొస్తే, పగటిపూట ఒంటరిగా తిరగడానికి జంకనక్కరలేదు. రద్దీ స్టేషన్లలో జేబుదొంగలుంటారు. పాస్‌పోర్టు గదిలో ఉంచి నకలు దగ్గర పెట్టుకోవాలి. పోలీసుల నంబరు 110, అంబులెన్సుకు 112. ఎర్రగా కనిపించే కాలిబాట ముక్క సైకిళ్లది, దాని మీద నడిస్తే తిట్లు తప్పవు. తిరుగుడంతా ఇప్పుడే కానివ్వండి, డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగు లోపే పొద్దుగూకుతుంది. అన్నట్టు, అక్టోబరు చివరి ఆదివారం దాకా మనకూ బెర్లిన్‌కూ తేడా మూడున్నర గంటలు, ఆపైన నాలుగున్నర. రాత్రి పదింటికి మీరు ఫోన్ చేసేసరికి అక్కడ ఇంకా సాయంత్రమే. ఆమె బయట ఉందంటే కంగారు పడి వెంటనే గదికి పొమ్మనకండి.