ఓడ చెంచాలు కొనే ముందు

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

బరంపురంలో పాత సామాన్ల కొట్టులో ఓడ చెంచాలు, అంటే పాతకాలపు ప్రయాణికుల ఓడల్లో భోజనానికి వాడినవి చూశావట, కొనాలా వద్దా అని అడిగావు. కొనమ్మా. కాకపోతే ముందు వాటిని తిరగేసి చూడు. వెనక ఈ.పి.ఎన్.ఎస్. అని ఉంటే అది వెండి పూత మాత్రమే. లోపలిది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. కొట్టువాడు కాటాలో వేసి వెండి రేటు చెప్తే బేరం అక్కడే ఆపేయ్. బర్మింగ్‌హామ్ ఎల్కింగ్టన్ వాళ్లు 1840లో కరెంటుతో ఈ పూత వేయడానికి పేటెంటు తీసుకున్నారు. వాళ్ల ముద్ర ఉంటే మంచి సరుకే.

నువ్వు డబ్బు పెట్టేది ఓడ కంపెనీ గుర్తుకి. మోసమూ అక్కడే. మామూలు హోటల్ చెంచా మీద టైటానిక్ ఓడ కంపెనీ అయిన వైట్ స్టార్ జెండా కొత్తగా చెక్కి, టైటానిక్ పేరు చెప్పి అమ్ముతారు. గుర్తు మీద గోరు పెట్టి గీసి చూడు. కొత్త గీతల అంచులు పదునుగా తగులుతాయి, పూత తెగిన చోట లోపలి లోహం కాస్త పసుపు ఛాయలో కనిపించవచ్చు. చెంచా అంతా అరిగి, గుర్తు ఒక్కటే నిన్న చెక్కినట్టుంటే వదిలేయ్. సామాను ఒక ఓడ నుంచి ఇంకో ఓడకి మారేది కాబట్టి మామూలుగా కంపెనీ గుర్తే వేసేవాళ్లు, ఓడ పేరు కాదు.

నా మాట విని బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ సామాను వెతుకు. 1856లో మొదలై 1914లో పీ అండ్ ఓ అనే ఇంకో పెద్ద బ్రిటిష్ ఓడ కంపెనీలో కలిసిన కంపెనీ అది. మన గంజాం, శ్రీకాకుళం వాళ్లు రంగూన్ వెళ్లిన స్టీమర్లలో చాలా వాటిని నడిపింది వాళ్లే. మనవాళ్లు డెక్ మీద చాప పరుచుకుని వెళ్లారు, ఈ చెంచాలతో తిన్నది సెలూన్‌లో, అంటే పై తరగతి వాళ్ల భోజనశాలలో, దొరలు. అందుకే మన ఇళ్లలో ఎక్కడైనా ఒకటి కనిపిస్తే ఎలా వచ్చిందో తప్పకుండా అడుగు. ఆ ఇంట్లో ఓడ మీద బట్లర్ పని చేసినవాళ్లున్నారా, వేలంలో కొన్నారా? చెప్పింది రాసి ఆ కాగితం చెంచాతోనే ఉంచు. చెప్పగలిగే పెద్దవాళ్లు తగ్గిపోతున్నారు, ఈ పని వాయిదా వేయకు.

ఇంటికి తెచ్చాక పనిమనిషిని చింతపండు, బూడిద పెట్టి తోమనివ్వకు, పూత పోతుంది. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తని నూలుగుడ్డ చాలు. మళ్లీ పూత వేయిస్తే గుర్తు గీతలు పూడుకుపోతాయి, ఎంత నల్లబడినా ఆ పని చేయించకు. రబ్బరు బ్యాండు అసలు చుట్టకు, అందులోని గంధకం మచ్చ వేస్తుంది.

ఇంకోటి. 100 ఏళ్లు దాటిన వస్తువులు 1972 చట్టం కింద పురావస్తువుల లెక్కలోకి రావచ్చు, వాటిని మనం విదేశాలకి పంపకూడదు. అమెరికాలో ఉన్న అన్నయ్యకి గిఫ్టుగా పంపే ఆలోచన ఉంటే మానుకో.

ఆ కొట్టులో చూసిన వాటి వెనకవైపు ఫోటోలు పంపు. ముద్రలు చూసి చెప్తాను.

మావయ్య