పరీక్షలు ముందు, పాలసీ తర్వాత

ప్రశ్న: నా వయసు 46. రెండు నెలలుగా మెట్లెక్కితే ఛాతీ బరువెక్కి ఆయాసం వస్తోంది. ఇసిజి మామూలుగానే ఉందన్న డాక్టరు ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు రాశారు. నాకు ఆరోగ్య బీమా లేదు. ముందు పాలసీ తీసుకుని, కొన్నాళ్లు ఆగి పరీక్షలు చేయించుకుంటే డబ్బు కలిసివస్తుందా?

జవాబు: దయచేసి ఆగకండి, ఈ వారమే చేయించుకోండి. మీరు ఆశిస్తున్న ఆదా కూడా దక్కదు. లక్షణం మొదలై డాక్టరును కలిశాక పాలసీ తీసుకునేవారు దరఖాస్తులో ఆ సంగతి రాయవలసిందే. దాచిపెడితే, రేపు క్లెయిమ్ తిరస్కరించడానికి మీ ఇసిజి కాగితం మీద ఉన్న తేదీ ఒక్కటే చాలు. రాస్తే, ఫలితాలు చూడకుండా కంపెనీ నిర్ణయం తీసుకోకపోవచ్చు. పైగా ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే పరీక్షలకు చాలా పాలసీలు డబ్బివ్వవు.

విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసిన ఇసిజి బాగున్నంత మాత్రాన గుండె రక్తనాళాల్లో అడ్డంకి లేదని చెప్పలేము. శ్రమపడినప్పుడు గుండెకు రక్తం చాలుతోందో లేదో తెలియాలంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూడాలి. ఎకో అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్; అందులో కవాటాల పనితీరు, గుండె రక్తాన్ని పంపే శక్తి కనిపిస్తాయి. రక్తహీనత, ఊపిరితిత్తుల జబ్బు వల్లా ఆయాసం రావచ్చు గనుక హిమోగ్లోబిన్, ఛాతీ ఎక్స్‌రే అవసరమా అని అడగండి. వాటికయ్యే ఖర్చు తక్కువ. ఒక ఫలితం చూశాకే తర్వాతి పరీక్ష రాసే ఈ వరుసే మీ ఖర్చును అదుపులో ఉంచుతుంది. ఫుల్ బాడీ ప్యాకేజీ జోలికి పోవద్దు. అందులో ఎక్కువ భాగం మీ ఛాతీ బరువుకు కారణం చెప్పలేని రక్తపరీక్షలే.

డబ్బు అత్యవసర నిధిలోంచి తీయండి, లేకపోతే డిపాజిట్ రద్దు చేయండి. నష్టపోయే వడ్డీ క్రెడిట్ కార్డు బాకీ మీద కట్టే వడ్డీ కంటే సాధారణంగా తక్కువే. మీరు గానీ జీవిత భాగస్వామి గానీ పనిచేసే చోట గ్రూప్ బీమా ఉందేమో కనుక్కోండి, అందులో పాత జబ్బులకు నిరీక్షణ కాలం (పాలసీ మొదలయ్యాక ఆ జబ్బులకు డబ్బివ్వని గడువు) లేకపోవచ్చు. బిల్లులు, రిపోర్టులు భద్రపరచండి.

కూర్చున్నా నొప్పి తగ్గకపోయినా, చెమటలు పట్టినా, నొప్పి చేతికో దవడకో పాకినా లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే అంబులెన్స్ పిలిపించుకోండి. ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లోపు ఇసిజి తీయాలన్నది వైద్య ప్రమాణం. ట్రోపోనిన్ రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో మళ్లీ చేస్తామంటే, అనవసరపు బిల్లు అనుకుని వద్దనకండి; గుండె కండరం దెబ్బతింటోందా అన్నది ఆ రెండు అంకెల మధ్య తేడాను బట్టే తెలుస్తుంది.