పిల్లల వార్డంటే మా అమ్మాయికి ఏడుపొస్తోంది

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా అమ్మాయి ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ ఐదో సెమిస్టర్ చదువుతోంది. పిల్లల వార్డులో పోస్టింగ్ వేసి పది రోజులైంది. ఒక బాబుకి జ్వరం చూడబోతే వాళ్లమ్మ “నువ్వు ముట్టుకోమాక, పెద్ద సిస్టర్‌ని పిలువు” అందట. అప్పట్నుంచి రోజూ హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడుస్తోంది. పిల్లల నర్సింగ్ తనకు పడదంటోంది. సీనియర్లేమో “పోకపోయినా ఏం కాదు, లాగ్‌బుక్‌లో సంతకాలు పెట్టించుకోవచ్చు” అంటున్నారట. మిగిలిన రోజులు అలా గడిపేయమననా?

జవాబు: వద్దమ్మా. సంతకాలు దొరుకుతాయి, సీనియర్లు అబద్ధం చెప్పలేదు. పక్కవాళ్ల కేర్ ప్లాన్ చూసి రాసుకుని, రోగి పేరు మార్చి, లాగ్‌బుక్ నింపేసినవాళ్లని నేను చాలామందినే చూశాను. కానీ పిల్లల వార్డు ఈ పోస్టింగుతో అయిపోదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 సిలబస్ ప్రకారం ఐదో సెమిస్టర్‌లో 160 గంటలు, ఆరో సెమిస్టర్‌లో ఇంకో 80 గంటలు పిల్లల క్లినికల్స్ ఉంటాయి. ఎనిమిదో సెమిస్టర్‌లో 22 వారాల ఇంటర్న్‌షిప్, అందులో నాలుగు వారాలు మళ్లీ పిల్లల వార్డే. ఇప్పుడు తప్పించుకుంటే అప్పుడు ఏమీ తెలియకుండా డ్యూటీ నర్సు లెక్కలో నిలబడాల్సి వస్తుంది. అప్పుడు ఈ ఏడుపు రెట్టింపవుతుంది.

ఇక ఆ తల్లి మాట. నాకైతే అది మీ అమ్మాయి మీద ఫిర్యాదులా వినిపించలేదు. పొద్దున్నుంచి ఆ బాబుని ఎంతమంది ముట్టుకుని ఉంటారో ఊహించండి. డాక్టర్లు, హౌస్ సర్జన్లు, ల్యాబ్ నుంచి రక్తానికొచ్చిన మనిషి, ఆపైన రెండు మూడు కాలేజీల స్టూడెంట్లు. తెల్లకోటు కనబడితే సూదే అని ఏడాది బిడ్డకి కూడా తెలిసిపోతుంది. ఒక్కో స్టూడెంటుకి కనీసం ముగ్గురు రోగులైనా ఉండాలని కౌన్సిల్ లెక్క. చాలాచోట్ల ఉదయం పూట ఒక్కో మంచం చుట్టూ ముగ్గురు స్టూడెంట్లుంటారు. అందుకే మధ్యాహ్నం షిఫ్ట్ వేయమని క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌ని అడగమనండి. రౌండ్లు అయిపోయి, రద్దీ తగ్గి, తల్లులు కాస్త మాట్లాడే వేళ అది.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ పిల్లల వార్డుల్లో పనిచేసినదాన్నే. స్టూడెంటుగా ఉన్నప్పుడు ఒక తప్పు చేశాను. విరేచనాలతో ఎనిమిది నెలల పాపని తెచ్చారు. కళ్లు లోపలికి పోయాయి, మాడు గుంట పడింది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళుతోంది. ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయనడానికి పుస్తకంలో చదివిన గుర్తులన్నీ ఒకేసారి కనబడేసరికి నాకు గాభరా, దాంతోపాటు కోపం కూడా. “ఇంతదాకా ఎందుకు ఆగావమ్మా?” అని ఆ తల్లిని గద్దించాను. ఆమె తలొంచుకుంది. ఆ తర్వాత నేనేం అడిగినా “లేదు మేడం, ఏం పెట్టలేదు మేడం” తప్ప ఇంకో మాట లేదు. కాసేపటికి మా వార్డు సిస్టర్ వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. “నువ్వేమన్నా తిన్నావా?” అనడిగారు. ఆమె బావురుమంది. పళ్లొస్తున్నాయి కాబట్టే విరేచనాలని అత్తగారు నీళ్లు కూడా పట్టనివ్వలేదని, ఊళ్లో ఎవరో పసరు పోశారని, రాత్రి నుంచి పాప ఉచ్చ పోయలేదని అన్నీ చెప్పింది. డాక్టరుకి కావలసిన సమాచారమంతా ఆ ఒక్క ప్రశ్నతో బయటికొచ్చింది. నేను మాత్రం మూడు పేజీల హిస్టరీ షీట్ పట్టుకుని నిలబడి ఉన్నాను.

పిల్లల వార్డులో ఒక్కో మంచం మీద బిడ్డా, తల్లీ అని ఇద్దరు రోగులుంటారనుకోమనండి. మంచం పక్కన ఇంకా ఉంటారు: బయట బెంచీ మీద నానమ్మ, బిల్లు కోసం తిరిగే తండ్రి, ఇంట్లో పక్కవాళ్లకి అప్పజెప్పి వచ్చిన పెద్ద పిల్ల. సిలబస్‌లో దీన్ని కుటుంబ కేంద్రిత సంరక్షణ అంటారు. పేరు పెద్దగా ఉంది కానీ పని చిన్నచిన్నది. ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు బిడ్డ మొలతాడు, తాయెత్తు తీయాలి. నర్సు కత్తెర పెట్టి కోసేస్తే అరనిమిషంలో అయిపోతుంది, ఆ కుటుంబం మాత్రం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ దాన్ని మరిచిపోదు. నానమ్మ చేతే తీయించి, ఆవిడ కొంగులోనే ముడేయిస్తే ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. అంతే.

మీ అమ్మాయికి రేపటి నుంచి పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. మంచం దగ్గరికి మొదటిసారి ట్రే లేకుండా వెళ్లాలి. “ఇంట్లో ఏమని పిలుస్తారు?” అని అడగాలి. కేస్‌షీట్‌లో ఎంత పెద్ద పేరున్నా బుజ్జిగాడనో చిన్నీ అనో చెబుతారు, ఆ పేరే పలకాలి. బిడ్డని తల్లి ఒళ్లోంచి తీయకుండానే, చొక్కా పైకెత్తి, ఊపిరి లెక్కపెట్టాలి. నిండా ఒక నిమిషం. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం పసిపిల్లల దగ్గర కుదరదు, వాళ్ల ఊపిరి ఒక్కలా ఉండదు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. ఆ అంకె గానీ అంతకు మించి గానీ వస్తే వేగంగా ఉన్నట్టే. థర్మామీటరు ఆ తర్వాత. ముందే పెడితే ఏడుస్తారు, ఏడ్చే బిడ్డకి లెక్కపెట్టిన ఊపిరి దేనికీ పనికిరాదు. తల్లి “డొక్కలెగరేస్తున్నాడమ్మా” అంటే అప్పుడే సిస్టర్‌ని పిలవాలి. పుస్తకంలో ఛాతీ లోపలికి పోవడమని రాసింది ఆమె తన మాటలో చెబుతోందన్నమాట.

భయపడాల్సిన చోటు వేరే ఉంది, మందుల లెక్క. ఎనిమిది కిలోల బిడ్డకి పారాసెటమాల్ 120 మిల్లీగ్రాములు రాశారనుకోండి. 5 మిల్లీలీటర్లలో 120 ఉండే సిరప్ అయితే ఐదూ పట్టాలి. 5 మిల్లీలీటర్లలో 250 ఉండే సీసా అయితే 2.4 చాలు. రెండూ జ్వరం మందులే, రెండు సీసాలూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. “ఒక మూత పట్టమ్మా” అని అలవాటుగా చెప్పేస్తే రెండో సీసాతో డోసు రెట్టింపు దాటుతుంది. అందుకే డిశ్చార్జి రోజు ఇంట్లో ఏ సీసా ఉందో అడిగి, సిరంజి మీద గీత చూపించి, తల్లి చేత ఒకసారి తీయించి పంపాలి. ఇలాంటివి లాగ్‌బుక్ సంతకంతో రావు. నర్సు ఉద్యోగాలకి ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్సెట్ పరీక్ష రాసినా, ప్రైవేటు ఆసుపత్రిలో పసికందుల ఐసీయూకి ఇంటర్వ్యూకెళ్లినా, ఈ లెక్కలొచ్చినవాళ్ల దారి వేరుగా ఉంటుంది.

ఉద్యోగాల సంగతి మీరు అడగలేదు, క్లుప్తంగా చెబుతాను. జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలున్నాయి, పోషకాహార పునరావాస కేంద్రాలున్నాయి. హైదరాబాద్ నీలోఫర్ 1953 నుంచి ఉంది. తిరుపతిలో టీటీడీ 2021లో పిల్లల గుండె ఆసుపత్రి పెట్టింది. డిగ్రీ తర్వాత నవజాత శిశు నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా గానీ, పిల్లల నర్సింగ్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ గానీ చేయొచ్చు. ఇవన్నీ చూశాక కూడా తనకు పడదంటే పడదనే అనుకుందాం, తప్పేం లేదు. పెద్దవాళ్ల వార్డులకీ నర్సులు కావాలి. ఆ మాట పది రోజులకే అనేస్తోంది, నా అభ్యంతరం అంతవరకే.

ఇంకోటి. మీ అమ్మాయి ఇప్పటిదాకా చూసిన పిల్లలంతా జబ్బుతో ఉన్నవాళ్లే. బాగున్న బిడ్డ ఎలా ఉంటుందో చేతికి తెలియకపోతే, బాగాలేని బిడ్డని పట్టుకోవడం ఎవరికైనా భయమే. ఏడాది పిల్లాడు కొత్త మనిషిని చూసి ఏడవడం జబ్బు కాదని, అది ఆ వయసుకి మంచి గుర్తేనని వార్డులో ఎవరూ తీరిగ్గా చెప్పరు. ఆ తరగతి గది మీ దగ్గరే ఉంది. నెలనెలా మీరు వేసే తూకాలు, పిల్లలు చిక్కారో లేదో చూడ్డానికి మీ దగ్గరుండే జబ్బ కొలిచే టేపు, నేనైతే దాన్ని మించిన ల్యాబ్ ఏ కాలేజీలోనూ చూడలేదు. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, 12.5 దాకా పసుపు, ఆపైన పచ్చ అని తను పరీక్షకి బట్టీ పట్టే ఉంటుంది. మీరు మాత్రం టేపు చుట్టకముందే ఏ పిల్ల చిక్కిందో చెప్పేయగలరు.

ఈసారి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు టీకాలు వేసే బుధవారం తనని మీ సెంటర్‌కి తీసుకెళ్లండి. నర్సు అని ఎవరికీ చెప్పొద్దు, మా అమ్మాయి అని చెప్పండి చాలు. తెల్లకోటు ఇంట్లోనే ఉంచమనండి. టేపు తన చేతికిచ్చి, మీరు రిజిస్టర్ రాసుకుంటూ కూర్చోండి. మొదటి బిడ్డ ఏడిస్తే మధ్యలో కల్పించుకోకండి.