చిల్లులు లెక్కపెట్టే ముందు చేతిలో డబ్బు లెక్కపెట్టండి

ప్రశ్న: నా వయసు 41. జీతం చేతికి 62 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 45 వేలు. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చిందే, టర్మ్ పాలసీ లేదు. నాన్నగారికి షుగర్. తాతగారి స్టాంపుల ఆల్బమ్‌లో విక్టోరియా రాణి బొమ్మ ఉన్న నీలం అర్ధణా స్టాంపు ఒకటి ఉంది. దానికి అంచుల్లో చిల్లులు లేవు, లక్షలు పలుకుతుందంటున్నారు. అలా అన్నాయనే నిజాం కాలంనాటి హైదరాబాద్ స్టాంపుల సెట్ 3 లక్షలకు ఇస్తానన్నారు. 11½ పెర్ఫరేషన్ (అంచు చిల్లుల కొలత) కాబట్టి చాలా అరుదట, రెండేళ్లలో రెట్టింపవుతుందట. నా భార్య బంగారం తాకట్టు పెట్టి కొందామనుకుంటున్నాను. 10 వేలు అడ్వాన్సు కూడా ఇచ్చాను. సరైన నిర్ణయమేనా?

సమాధానం: కాదు. బంగారం బయటికి తీయకండి.

నేనూ చిన్నప్పటి నుంచి స్టాంపులు పోగుచేస్తున్నవాణ్నే, కాబట్టి మీ సరదాను తప్పుపట్టను. స్థలం కావచ్చు, పాత నాణేలు కావచ్చు, ఇప్పుడు స్టాంపులు కావచ్చు, ‘అరుదైనది, మళ్లీ దొరకదు’ అన్న మాట వినగానే ఇంట్లో నగలు తాకట్టుకు వెళ్లిపోతున్నాయి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తున్నాయి. అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

ముందు తాతగారి స్టాంపు సంగతి. 1854లో కలకత్తాలో అచ్చయిన మన తొలి అఖిల భారత స్టాంపులు వేటికీ చిల్లులు ఉండవు. పోస్టాఫీసులో షీటు నుంచి కత్తెరతో కత్తిరించి ఇచ్చేవారు. అంటే చిల్లులు లేకపోవడం అక్కడ అచ్చుతప్పు కాదు, మామూలే. ఆ తర్వాత లండన్‌లో డి లా రూ సంస్థ అచ్చువేసి పంపినవాటికి 14 కొలతలో, అంటే రెండు సెంటీమీటర్ల పొడవులో 14 చొప్పున చిల్లులు ఉంటాయి. మీ స్టాంపు మీద ‘ఇండియా’ అని మాత్రమే ఉందా, ‘ఈస్ట్ ఇండియా పోస్టేజ్’ అని ఉందా చూడండి. మొదటిదైతే అది 1854 నాటిది కావచ్చు. నాలుగు వైపులా అంచు ఎంత మిగిలిందన్న దాన్నిబట్టి ధర ఉంటుంది. రెండోదైతే చిల్లుల అంచును ఎవరో కత్తిరించేసి ఉంటారన్న అనుమానమే ముందు రావాలి. చిల్లులు లేని రకంగా చూపించి అమ్మడానికి చేసే పాత మోసం అది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అలాంటివి విడిగా కొనరు, విడదీయని జంటగా ఉంటేనే నమ్ముతారు.

ఇక 3 లక్షల సెట్. 11½ అంటే రెండు సెంటీమీటర్ల పొడవులో పదకొండున్నర చిల్లులు. ఆనాటి హైదరాబాద్ స్టాంపుల్లో ఎక్కువగా కనిపించేది 12½. రెండింటికీ తేడా అంత పొడవులో ఒక్క చిల్లు మాత్రమే! ఆ ఒక్క చిల్లు మీద మీరు 3 లక్షలు పెడుతున్నారు. మీ దగ్గర చిల్లులు కొలిచే స్కేలు, పెర్ఫరేషన్ గేజ్ ఉందా? పైనా పక్కలా విడివిడిగా కొలిచారా? మామూలు స్టాంపు అంచు కత్తిరించి కొత్తగా చిల్లులు పొడిస్తే స్టాంపు వెడల్పు తగ్గుతుంది, చిల్లులు మరీ గుండ్రంగా, శుభ్రంగా కనిపిస్తాయి. అదే డిజైన్‌లో చవకగా దొరికే మామూలు స్టాంపు ఒకటి తెచ్చి పక్కన పెట్టి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. స్టాంపు అసలైనదేనని నిపుణుల కమిటీ ఇచ్చే సర్టిఫికెట్ గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. అది లేకుండా ఇంత డబ్బు ఎలా పెడతారండీ?

అమ్మేవాళ్లు చూపించే క్యాటలాగ్ (స్టాంపుల ధరల పుస్తకం) ధరను చూసి కూడా మోసపోకండి. అది మంచి స్థితిలో ఉన్న స్టాంపును డీలరు అమ్మే ధర. మీరు అమ్మబోతే చేతికొచ్చేది అందులో కొంత భాగమే. తేమకు మరకలు పడినా, అంచు పళ్లలో ఒకటి విరిగినా ఇంకా తగ్గుతుంది.

లెక్క చూడండి. 3 లక్షల తాకట్టుకు నెలకు రూపాయి వడ్డీ వేసుకున్నా రెండేళ్లకు 72 వేలు. అసలుతో కలిపి 3.72 లక్షలు. వేలంలో కమిషన్ 15 శాతం పోతుందనుకుంటే, సెట్ దాదాపు 4.38 లక్షలు పలికితే గానీ మీకు పైసా నష్టం లేకుండా బయటపడరు. అప్పటికి మీకు లాభం ఏమీ లేదు. పలకకపోతే పోయేది మీ భార్య నగలు. వడ్డీ కట్టడం తప్పితే వేలానికి వెళ్లేది స్టాంపులు కాదు, ఆ నగలే.

నన్ను అసలు భయపెట్టింది ఆ సెట్ కాదు, మీ బ్యాంకులో ఉన్న 40 వేలు. అది ఒక నెల ఖర్చుకు కూడా చాలదు. రేపు ఉద్యోగం పోతే ఆరోగ్య బీమా కూడా సాధారణంగా దాంతోపాటే పోతుంది. నాన్నగారిని ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే ఏం చేస్తారు? స్టాంపును రాత్రికి రాత్రి ఎవరూ కొనరు. వేలానికి ఇచ్చి డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. నాకు తెలిసిన ఒకాయన ఇంట్లో ఆపరేషన్ టెన్షన్‌లో ఇరవై ఏళ్ల సేకరణను డీలరు అడిగిన రేటుకే వదిలేశారు. బేరమాడే ఓపిక, సమయం రెండూ ఆయనకు లేవు. చేతిలో నాలుగు నెలల ఖర్చు ఉండి ఉంటే ఆ ఆల్బమ్ ఇప్పటికీ ఆయన దగ్గరే ఉండేది.

మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 2.70 లక్షలు కావాలి. ఇంకా 2.30 లక్షలు పోగవ్వాలి. నెలకు మిగిలే 17 వేలలో ముందు టర్మ్ పాలసీ, కుటుంబానికి సొంత ఆరోగ్య పాలసీ తీసుకోండి. నాన్నగారికి విడిగా పాలసీ ప్రయత్నించండి, షుగర్ సంగతి దాచకుండా చెప్పండి. ప్రీమియాలు పోగా 12 వేలు మిగిలితే ఇరవై నెలల్లోపే నిధి సిద్ధమవుతుంది. అప్పటిదాకా మ్యూచువల్ ఫండ్లు, షేర్లు కూడా పక్కన పెట్టండి. ఆ తర్వాత నెలకు 2 వేలు స్టాంపులకు కేటాయించుకుంటే నాకేం అభ్యంతరం లేదు. అప్పు మాత్రం వద్దు.

ఆల్బమ్‌ను కదిలించకండి. స్టాంపులను నీళ్లలో నానబెట్టడం, పాత కవర్ల మీద నుంచి ఊడదీయడం చేయకండి. ముద్ర పడిన కవరుతో ఉంటేనే కొన్నిటికి విలువ ఎక్కువ.

అడ్వాన్సు సంగతి. సర్టిఫికెట్ చూపించమని, లేదంటే 10 వేలు తిరిగిమ్మని ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. ఇవ్వనంటే ఆ 10 వేలు వదులుకోండి. అది పోకూడదని ఇంకో 2.90 లక్షలు ఇచ్చి రాకండి.