ఎల్‌సీ (లిక్విడ్ క్రిస్టల్) సెల్‌లో గీతలు: ముందు వేడిచేసి చూడండి

మీ టీఎన్ సెల్‌ని (గాజు పలకల మధ్య ఎల్‌సీ అణువులు మెలితిరిగి ఉండే ట్విస్టెడ్ నెమాటిక్ సెల్) క్రాస్డ్ పోలరైజర్ల (ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన కాంతి వడపోత పలకల) మధ్య పెడితే, 5సీబీ అనే ఎల్‌సీ నింపిన అంచు నుంచి విసనకర్రలా గీతలు కనిపిస్తున్నాయన్నారు కదా, అది పాలిఇమైడ్ (అణువుల్ని ఒక దిక్కుకి తిప్పడానికి గాజు మీద పూసి గుడ్డతో రుద్దే పొర) తప్పు కాదనుకుంటానండీ, రుద్దడంలో తేడా ఉంటే గీతలు రుద్దిన దిక్కులోనే వస్తాయి గానీ నింపిన చోటు నుంచి విచ్చుకోవు. 5సీబీ రూమ్ టెంపరేచర్‌లో నెమాటిక్‌గా (అణువులు ఒకే దిక్కుకి తిరిగిన ద్రవంగా) ఉంటుంది, అలాగే నింపేస్తే పారిన దిక్కే అచ్చుపడిపోతుంది. 35 డిగ్రీలు దాటితే మామూలు ద్రవమే, అందుకని సెల్‌నీ ఎల్‌సీనీ హాట్‌ప్లేట్ మీద 45 దాకా వేడిచేసి నింపి, మెల్లగా చల్లారనివ్వండి. ఇప్పుడున్న సెల్ పారేయకండి, దాన్నే ఓసారి వేడిచేసి చూడండి, చాలాసార్లు సర్దుకుంటుంది. అప్పటికీ పోకపోతే బేకింగ్ చూడాలి, మీది పాలీఅమిక్ యాసిడ్‌గా పూస్తే వేడికి పాలిఇమైడ్‌గా మారే రకమైతే 200 డిగ్రీల పైన గంటసేపైనా ఉంచారా? నేనైతే ఒకసారి వెల్వెట్ గుడ్డ తిరగేసి రుద్ది రెండ్రోజులు తల పట్టుకున్నా.